ఆక్వేరియం టెస్ట్ కిట్‌తో వాన నీళ్లను పరీక్షించాను: 5కి 4 స్టార్లు

చేపల తొట్టెల కోసం అమ్మే నైట్రేట్, ఫాస్ఫేట్ టెస్ట్ కిట్‌ని నేను కాలనీ వాన నీళ్ల కోసం కొన్నాను. హైదరాబాద్ శివార్లలో మా గేటెడ్ కమ్యూనిటీకి దిగువనున్న చెరువు నిండా గుర్రపుడెక్కే. అందులో మురుగు కలుస్తోందని అందరికీ తెలుసు. మా లాన్లు, రోడ్ల మీంచి పోయే వాన నీళ్ల వాటా ఎంతో ఎవరూ అడగరు.

వాడటం తేలికే. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, చుక్కలు వేసి, కాసేపాగి రంగుని కార్డుతో పోల్చాలి. నైట్రేట్ రెండో సీసాని మాత్రం బాగా ఊపండి. అడుగున పేరుకున్న మందు కలవకపోతే నైట్రేట్ ఉన్నా పసుపు రంగే వస్తుంది. రంగుల్ని పగటి వెలుతురులోనే చూడండి.

తోటపనివాళ్లు లాన్‌కి డీఏపీ ఎరువు చల్లిన మర్నాడే వాన దంచికొట్టింది. రోడ్డు పక్క డ్రెయిన్ దగ్గర పట్టిన నీళ్లకు ఫాస్ఫేట్ గొట్టం ముదురు నీలానికి తిరిగింది, అంటే ఫాస్ఫేట్ బాగా ఎక్కువని. ప్రహరీ అవతల ఇంకా ప్లాట్లు పడని గడ్డి నేల ఉంది. అక్కడ పారిన నీళ్లే తక్కువ, వాటిలో రంగు కూడా అంతంతమాత్రం. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం ఫాస్ఫేట్. మట్టీ వేళ్లూ ఉన్నచోట అందులో చాలావరకు నేలే పట్టుకుంటుంది. సీసీ రోడ్డు మీద పడ్డ గుళికల్ని ఆపేదేముంది? కరిగి నేరుగా చెరువులోకే పోతాయి. మంచినీటి చెరువుల్లో నాచు అదుపులో ఉండేది ఎక్కువగా ఫాస్ఫరస్ (ఫాస్ఫేట్‌లో ఉండే పోషకం) కొరత వల్లే. ఆ కొరతని మనమే తీర్చేస్తున్నాం.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పక్క వెంచర్‌లో పునాదులు తవ్వుతున్నారు. అక్కడి నుంచి ఎర్రగా పారే బురద నీళ్లని తేర్చి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి చూస్తే గొట్టంలో దాదాపు రంగే రాలేదు. అది చూసి నీళ్లు బాగున్నాయనుకోవద్దు. ఫాస్ఫరస్ మట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని పోతుంది, ఈ కిట్‌కి కరిగినదే కనిపిస్తుంది. ఆ మట్టి చెరువు అడుగున చేరి, అక్కడ ఆక్సిజన్ తగ్గినప్పుడు ఫాస్ఫరస్‌ని మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. బురద నీళ్లయితే ల్యాబ్‌కి పంపి మొత్తం ఫాస్ఫరస్ పరీక్ష చేయించాల్సిందే.

లాన్లున్న ప్రతి కాలనీ అసోసియేషన్ దగ్గరా ఈ కిట్ ఉండాలి. గొట్టాల ఫొటోలు మా గ్రూపులో పెట్టాక, భూసార పరీక్ష చేయించకుండా డీఏపీ చల్లకూడదని, వాన సూచన ఉంటే అసలు వద్దని కమిటీ ఒప్పుకుంది.