ఆరేళ్లు వాడాక పాటల పెట్టె: ఘంటసాల మీట ఉంది, పద్యాలు లేవు

మొదటి నెలలో దీనికి అయిదు చుక్కలు ఇచ్చింది నేనే. పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి బహుమతి లేదని కూడా రాసినట్టు గుర్తు. అందులో అబద్ధమేమీ లేదు గానీ, అప్పటికి నాన్న ఇంకా పద్యాల దాకా వెళ్లలేదు.

పాత పాటలు నింపి అమ్మే పెట్టె ఇది, కంపెనీ పేరు వద్దులెండి. ఎన్ని వేల పాటలు, బరువెంత, ఏ రంగుల్లో దొరుకుతుంది అన్నవి అందరికీ తెలిసినవే. 2019 దసరాకి మా నాన్న కోసం కొన్నాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు 78 ఏళ్లు, ఫోన్ వస్తే పచ్చ గుర్తు నొక్కడం తప్ప ఇంకేమీ ముట్టుకోడు. అలాంటి మనిషికి పెద్ద పెద్ద మీటలున్న పెట్టె దేవుడిచ్చినట్టే ఉంటుంది. రెండు రోజులు మా వీధి వీధంతా ఘంటసాలే. మూడో రోజు సాయంత్రం పిలిచాడు.

"ఏటిరా, ఇందులో పజ్జాలు లేవేటి?"

పెట్టెతో పాటు పాటల జాబితా పుస్తకం ఒకటి ఇస్తారు, భూతద్దం ఉంటే గాని కనపడని అక్షరాల్లో. మొదటి నుంచి చివరి దాకా చూశాను. యుగళగీతాలున్నాయి, భక్తి ఉంది, విషాదానికైతే ప్రత్యేకంగా ఒక మీటే ఉంది. ("ఏడుపు పాటలకి మీట ఎట్టినారు గానీ..." అని నాన్న ఇప్పటికీ గొణుగుతాడు.) పద్యాలు మాత్రం వెతగ్గా వెతగ్గా ఒకటీ అరా. ఘంటసాల పేరుతో మీట పెట్టి పద్యాలు వదిలేయడమంటే ఆవ పెట్టని పనసపొట్టు కూర వడ్డించడమే. అందులోనూ మా విజయనగరంలో. ఆయన మా సంగీత కళాశాలలో చదువుకున్నారు, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడు, ఆయన పద్యం పాడే తీరు గురువు గారి నుంచి వచ్చిందేనని ఇక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా ఎవరో ఒకరు చెబుతారు.

నాన్నకి ఇంకో పేచీ కూడా ఉంది, కొన్ని పాటల్లో ఒక చరణం ఎగిరిపోయిందని. మొదట వయసు మరుపేమో అనుకున్నాను. కాదు, ఆయన చెప్పిందే నిజం. అప్పటి 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లర పట్టేది, సినిమాలో పాట అంతకన్నా పొడుగుంటే ముందు తాళం లేకుండా పాడే సాకీయో, చివరి చరణమో కోసి రికార్డుకి ఎక్కించేవారు. అలా కోసిన పాటే కేసెట్లోకి వచ్చింది, సీడీలోకి వచ్చింది, ఇప్పుడు ఈ పెట్టెలో కూర్చుంది. టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని పాట మొత్తం విన్నవాడికి మటుకు ఆ కోత చోటు దగ్గరకి వచ్చేసరికి మెట్టు తప్పినట్టుంటుంది.

కంపెనీకి ఫోన్ చేశాను. "పద్యాలకి ఆప్షన్ లేదు సార్" అన్నాడు అబ్బాయి, మర్యాదగానే. తర్వాత మెసేజ్ వచ్చింది, మాట్లాడిన విధానం ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు లోపు నొక్కమని. ఏం పాటలు కావాలని అడిగే చోటు అందులో లేదు. నా చిన్నప్పుడు కేసెట్లు రికార్డు చేసి ఇచ్చే షాపులుండేవి, కాగితం మీద పాటలు రాసిచ్చి వారం తర్వాత వెళ్లి తెచ్చుకునేవాళ్లం. అరవై నిమిషాల కేసెట్టు, ఒక్కో పక్కకి అరగంట, పాటలన్నీ అయ్యాక రెండు నిమిషాలు మిగిలితే అతనే అడక్కుండా ఓ పద్యం వేసిచ్చేవాడు. దొంగ వ్యాపారమే, కాదనను.

ఇక సంతోషం సంగతి. పెట్టె వెనక పెన్‌డ్రైవ్ పెట్టే కన్నం ఒకటుంది. ఏడాదిన్నర దాన్ని నేను పట్టించుకోలేదు. ఒకరోజు గంట స్తంభం దగ్గర సెల్‌ఫోన్ల షాపులో కుర్రాడితో మాటల్లో పద్యాల గొడవ వస్తే, కంప్యూటర్ తిప్పి చూపించాడు. "నాటకాలవా బాబాయ్, సినిమాలవా? రాయబారంవే వేరేగా ఒక ఫోల్డర్ ఉంది. హరికథలు కూడా ఎక్కించీమంటారా?" పెన్‌డ్రైవ్‌తో కలిపి 400 అయింది. ఆ రాత్రి నాన్న అన్నం తినడానికి లేవలేదు, అమ్మ కంచం అరుగు మీదకే తెచ్చిచ్చింది. ఆ రోజు నుంచి ముందున్న మీటలకి దుమ్మే.

సరిగ్గా అదే కొంప ముంచింది. రోజూ తీయడం, పెట్టడం, మూడో ఏడు దాటేసరికి కన్నం వదులైపోయింది, పద్యం రాగం అందుకునే వేళకి గుటుక్కున ఆగేది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. విశాఖలో సర్వీసు సెంటర్‌కి సంచిలో పెట్టుకుని బస్సులో తీసుకెళితే, అక్కడి మనిషి మీట నొక్కి ఒక డ్యూయెట్ వినిపించి "లోపలి పాటలు బాగానే పాడుతున్నాయి కదా సార్" అన్నాడు. పెన్‌డ్రైవ్‌ది కంప్లైంట్ కింద రాయరట. ఇంటికొచ్చాక నాన్నే అగ్గిపెట్టె అట్ట చింపి నాలుగు మడతలు పెట్టి పెన్‌డ్రైవ్ కింద దోపాడు. ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది, అట్ట మెత్తబడినప్పుడల్లా కొత్తది మారుస్తాడు.

2005లో అమెరికాలో సోనీ బీఎమ్‌జీ అనే పాటల కంపెనీ వాళ్లు కాపీలు ఆపాలని సీడీల్లో దాగి ఉండే ప్రోగ్రామ్ పెడితే, డబ్బు పెట్టి కొన్నవాళ్ల కంప్యూటర్లే పాడయ్యే పరిస్థితి వచ్చింది, ఉచితంగా దింపుకున్నవాడికి ఏమీ కాలేదు. గొడవై చివరికి ఆ సీడీలు వెనక్కి తీసుకున్నారు. దానికీ మా అగ్గిపెట్టె అట్టకీ సంబంధం లేదంటారేమో, నాకెందుకో ఉందనిపిస్తుంది.

అప్పట్లో సౌండ్ అద్భుతమని రాశాను. ముప్పాతిక దాకానే అద్భుతం, ఆపైన పగులుతుంది, నాన్నకి చెవులు మందగించాక మేం వినేది ఆపైనే. బ్యాటరీ ఇప్పుడు గంటన్నర రావడం కూడా కష్టం, కరెంటు పోతే ఇంక అంతే.

కొనమంటారా అంటే, మీ ఇంట్లోవాళ్లు యుగళగీతాల మనుషులైతే నిక్షేపంగా కొనండి, మా అత్తగారికి ఇలాంటిదే ఉంది, ఆవిడకి సుశీలమ్మ మీట ఒక్కటి చాలు, ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. పద్యాల మనుషులైతే ఇంత డబ్బు అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ పట్టే ఏ స్పీకరైనా సరే, కాకపోతే కొనేముందు ఆ కన్నంలో పెట్టి తీసి గట్టిగా ఉందో లేదో చూసుకోండి. మాకైతే ఇప్పుడు మార్చే దారి లేదు, నాన్న చేతికి ఈ పెట్టె అలవాటైపోయింది. కన్నం మార్చి ఇస్తానని గంట స్తంభం కుర్రాడు 300 అడిగాడు, ఆ ముక్క దొరికితే. సంక్రాంతి లోపు దొరుకుతుందన్నాడు.