రెండొందల గుర్రాల మంచుబండి: నాలుగు శీతాకాలాల తర్వాత

నాలుగు శీతాకాలాలు, 9,400 కిలోమీటర్లు. నా మంచుబండి మీటరు ఇప్పుడు చూపిస్తున్న లెక్క ఇది. కొన్న మొదటి నెలలోనే రాద్దామనిపించింది గానీ, అప్పుడు రాసుంటే ఉత్త పొగడ్తే అయ్యుండేది. మంచు మీద నడిపే బండి సంగతి, అందులోనూ రెండొందల హార్స్‌పవర్‌కి దగ్గరగా ఉన్నదాని సంగతి తెలియాలంటే రెండు మూడు సీజన్లు దాన్ని నడపాలి, విప్పాలి, మళ్ళీ బిగించాలి.

నాది టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న ఫోర్ స్ట్రోక్ స్నోమొబైల్. కంపెనీ పేరు రాయడం లేదు. నా ఒక్క బండిలో జరిగినవి పట్టుకుని ఒక కంపెనీ మీద తీర్పు చెప్పడం నాకు న్యాయమనిపించదు. పైగా నేను చెప్పబోయేవాటిలో చాలావరకు ఈ తరగతి బండ్లన్నిటికీ వర్తించేవే. దీనికి ముందు ఏడేళ్ళు 600 సీసీ టూ స్ట్రోక్ నడిపాను, సుమారు 120 హార్స్‌పవర్. పోలికలన్నీ దానితోనూ, మా బావమరిది నడిపే 850 సీసీ టూ స్ట్రోక్‌తోనూ.

ఈ నాలుగేళ్ళలో ఇంజను ఒక్కసారి కూడా నన్ను దారి మధ్యలో వదిలెయ్యలేదు. వదిలేసినవన్నీ ఇంజను వెనకాల ఉన్నవి.

ఆ బలం ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదంతా ఫిర్యాదులా వినిపిస్తుంది. గడ్డకట్టిన సరస్సు, మీద చారెడు మంచు, ఎదురుగా ఎవరూ లేరు. గంటకు అరవై కిలోమీటర్లలో మామూలుగా పోతూ బొటనవేలితో థ్రాటిల్ పూర్తిగా నొక్కితే, పాత బండి ఓ క్షణం ఆలోచించి అందుకునేది. ఇది అలా కాదు. మొదట బండి ముందున్న స్కీ పలకలు తేలికవుతాయి, హ్యాండిల్ చేతుల్లో వదులవుతుంది, నడుం సీటు వెనక్కి జారుతుంది, ఆ తర్వాతే టర్బో ఈల చెవిని చేరుతుంది. మొదటి రోజు ఇంటికొచ్చాక కూడా చాలాసేపు నా ముంజేతులు బిగుసుకునే ఉన్నాయి. ఆ ఆనందం నిజమైనది. నాలుగేళ్ళయినా తగ్గలేదు.

ఇక బెల్టు.

స్నోమొబైల్‌లో గేర్లుండవు. గేర్లులేని స్కూటర్లో ఉండే ఏర్పాటే ఇక్కడా ఉంటుంది: ఇంజను వైపు ఒక క్లచ్, ట్రాక్ (మంచుని పట్టి బండిని తోసే వెడల్పాటి పట్టీ) వైపు ఒక క్లచ్, మధ్యలో రబ్బరు బెల్టు. క్లచ్ అంటే శంకువు ఆకారంలో ఎదురెదురుగా ఉన్న రెండు బిళ్ళలు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు బిళ్ళలు దగ్గరవుతాయి, బెల్టు పైకెక్కుతుంది, వెనక బిళ్ళలు విడిపోయి బెల్టు లోపలికి దిగుతుంది. ఇంజను ఎంత గొప్పదైనా దాని బలమంతా ఆ బెల్టు పక్క అంచుల రాపిడి మీదుగానే ట్రాక్‌కి చేరాలి. 200 హార్స్‌పవర్ అంటే దాదాపు 150 కిలోవాట్లు. అందులో పదో వంతు జారుడులో వేడిగా పోతోందనుకున్నా 15 కిలోవాట్లు. ఇంట్లో వాడే గది హీటర్లు పది తెచ్చి ఆ చిన్న పెట్టెలో పెట్టి ఒక్కసారే వెలిగించినట్టు. 120 హార్స్‌పవర్ బండిలో అదే లెక్క తొమ్మిది కిలోవాట్లే. బెల్టు మాత్రం దాదాపు అంతే వెడల్పు.

నా మొదటి బెల్టు 900 కిలోమీటర్ల దగ్గర పోయింది. బయట మైనస్ 22 డిగ్రీలు, సరస్సు మధ్యలో ఉన్నాం, వేగం గంటకు 130. ముందు చిన్నగా అదిరింది. నేను పట్టించుకోలేదు. తర్వాత తుపాకి పేలినట్టు శబ్దం, ఇంజను ఒక్కసారిగా ఖాళీగా అరిచింది. వెనకనుంచి బావమరిది వచ్చి పక్కన ఆగాడు. "బావా, మీ బండిలోంచి ఏవో నల్లగా ఎగిరాయి, చూసుకున్నారా?" సైడ్ ప్యానెల్ తీస్తే బెల్టు పీలికలు పీలికలుగా ఉంది. దాని లోపలి దారాలు వెనక క్లచ్ వెనకాల షాఫ్ట్‌కి చుట్టుకుపోయాయి, కొబ్బరి పీచులా. చేతి తొడుగులతో ఆ దారాలు పట్టుకోలేం, తొడుగులు తీస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు మాట వినవు. వంతులవారీగా ఒకరు లాగుతుంటే ఒకరు చేతులు చంకలో పెట్టుకుని నలభై నిమిషాలు కష్టపడ్డాం. స్పేర్ బెల్టు ఉంది. వెనక క్లచ్ విడదీసే పనిముట్టు కూడా టూల్ కిట్‌లో ఉంది. కానీ దాన్ని నేను అంతకుముందు ఒక్కసారి కూడా వాడి చూడలేదు. కొత్త బండి కొన్న ప్రతి ఒక్కరికీ ఇది చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది: వెచ్చటి షెడ్డులో నిలబడి బెల్టు కనీసం మూడుసార్లు విప్పి పెట్టండి. తర్వాతే సరస్సు మీదికి వెళ్ళండి.

అలా ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి ఒక సీజన్ పట్టింది. మొదటి కారణం నేనే. కొత్త బెల్టుని మొదటి యాభై కిలోమీటర్లు నెమ్మదిగా, వేగం మారుస్తూ ఆడించాలి. అప్పుడే దాని అంచులు క్లచ్ బిళ్ళలకు సరిగ్గా కూర్చుంటాయి. నేను మొదటి పది నిమిషాల్లోనే పూర్తి థ్రాటిల్ ఇచ్చాను. రెండోది అలైన్‌మెంట్. రెండు క్లచ్‌లూ ఒకే గీతలో లేవు. చూపుకి తెలియనంత తేడా, కొలబద్ద పెడితే తెలిసింది. ఇంజను రబ్బరు మౌంట్ల (దిమ్మల) మీద కూర్చుంటుంది కదా. పూర్తి బలం తీసేటప్పుడు బెల్టే ఇంజనుని వెనక్కి లాగుతుంది. తక్కువ బలమున్న బండిలో ఆ కదలికతో పెద్ద నష్టం లేదు. ఇందులో ఆ కాస్త కదలికకే బెల్టు ఒక అంచు మీద మండిపోతుంది. మౌంట్లు గట్టివి వేయించి, అలైన్‌మెంట్ సరిచేయించి, క్లచ్ పెట్టెలో బెల్టు వేడి చూపించే చిన్న సెన్సర్ పెట్టాను. ఆ తర్వాతి బెల్టు 3,800 కిలోమీటర్లు నడిచింది. తెగకముందే నేనే మార్చాను.

ఆ సెన్సర్ నేను బండి నడిపే తీరే మార్చేసింది. మెత్తటి లోతు మంచులో, పది కిలోమీటర్ల వేగంతో, బండిని లాక్కుంటూ పోతున్నప్పుడే వేడి గబగబా ఎక్కుతుంది. సరస్సు మీద గాలిలా పోతున్నప్పుడు అంత ఎక్కదు. ఎక్కువ వేగం కాదు, ఎక్కువ జారుడు బెల్టుని చంపుతుందన్న సంగతి నేను ఎన్నోసార్లు విన్నాను. అంకె ఎదురుగా కనిపించాకే నమ్మాను. ఇప్పుడు అంకె 80 డిగ్రీలు దాటితే ఆగి, సైడ్ ప్యానెల్ తెరిచి, టీ తాగినంతసేపు నిలబడతాను.

రెండో బలహీనత మంచే. స్నోమొబైల్‌కి కారుకున్నట్టు పెద్ద రేడియేటర్ ఉండదు. ట్రాక్ విసిరే మంచు, దాని పైన సొరంగంలా ఉన్న అల్యూమినియం గొట్టాలకు తగిలి కరుగుతూ కూలెంట్‌ని (ఇంజను వేడిని మోసే ద్రవాన్ని) చల్లబరుస్తుంది. ట్రాక్ లోపలివైపు, అది జారేందుకు నల్లటి ప్లాస్టిక్ స్లైడ్లు ఉంటాయి, వాటికి కూడా ఆ మంచే నూనె. దారి గట్టి ఐసు అయిపోయిందంటే రెండూ ఎండిపోతాయి. మూడో ఏడు జనవరిలో వానపడి, ఆ వెంటనే గడ్డకట్టిన దారి మీద ఇరవై కిలోమీటర్లు పోయేసరికి వేడి దీపం వెలిగింది. ప్లాస్టిక్ కాలిన వాసన కూడా వచ్చింది. అదే దారిలో బావమరిది టూ స్ట్రోక్ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. ఎక్కువ గుర్రాలంటే పారబోయాల్సిన వేడి కూడా ఎక్కువ, మంచు మాత్రం ఇద్దరికీ అంతే. దానికి విరుగుడు ఐస్ స్క్రాచర్లు: కొనలో గట్టి లోహం ఉన్న స్ప్రింగు కడ్డీలు, ఐసుని గీకి పొడిని పైకి చిమ్ముతాయి. నా దృష్టిలో ఈ తరగతి బండికి అవి అలంకారం కాదు, బ్రేకులంత ముఖ్యం.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1990లలో కంపెనీల మధ్య హార్స్‌పవర్ పోటీ నడిచింది. ఆర్కిటిక్ క్యాట్ థండర్‌క్యాట్, స్కీ-డూ మాక్ జెడ్, పోలారిస్ స్టార్మ్ మూడు సిలిండర్లవి, యమహా వీమ్యాక్స్-4 అయితే నాలుగు. అన్నీ కార్బ్యురేటర్లతో నడిచే టూ స్ట్రోకులే. ఒక్కరాత్రిలో ఇరవై డిగ్రీలు చలి పెరిగితే గాలి చిక్కబడేది, అవే జెట్లతో (కార్బ్యురేటర్లో పెట్రోలు వదిలే సన్న రంధ్రాలతో) నడిపితే పెట్రోలు చాలక పిస్టన్ కాలిపోయేది. ఆ రోజుల్లో బలానికి మూల్యం పిస్టన్ చెల్లించేది. 2003లో యమహా ఆర్ఎక్స్-1 మోటార్‌సైకిల్ ఇంజను వంశంలోని ఫోర్ స్ట్రోక్‌ని మంచు మీదికి తెచ్చింది. ఇంజెక్షన్, కంప్యూటరు, నాక్ (పెట్రోలు అదుపు తప్పి మండడం) పసిగట్టే సెన్సర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇంజను తనను తాను కాపాడుకోవడం నేర్చింది. ఇప్పుడు ఆ మూల్యం బెల్టు, స్లైడ్లు, మౌంట్లు, ట్రాక్‌కి బలం చేర్చే చెయిన్ చెల్లిస్తున్నాయి. దెబ్బ తగిలే చోటు మారింది, అంతే.

బావమరిది 850తో పోలిక ఇక్కడ చెప్పాలి. అది సముద్రమట్టం దగ్గర 165 హార్స్‌పవర్, నా బండికన్నా దాదాపు యాభై అరవై కిలోలు తేలిక. ఒకసారి ఇద్దరం పదివేల అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళాం. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అంటే అక్కడ అతనికి మిగిలింది 115 దగ్గర. నా టర్బో పల్చటి గాలిని కూడా నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి నాకు పెద్దగా తగ్గలేదు. అయినా ఆ రోజు నడుములోతు మంచులో నాలుగుసార్లు కూరుకుపోయింది నా బండే. ఇద్దరం కలిసి పారలతో తవ్వి బయటికి లాగాం. అతను ఒక్కసారి కూరుకున్నాడు, ఒక్కడే లాక్కున్నాడు. కొండల్లో తిరిగేవాళ్ళు ఫోర్ స్ట్రోక్ టర్బోని ఎందుకు వద్దంటారో నాకు ఆ సాయంత్రం ఒళ్ళు నొప్పులతో అర్థమైంది. స్కీ-డూ కంపెనీ తన 850 ఇ-టెక్ టూ స్ట్రోక్‌కి 2020 మోడల్‌లో ఫ్యాక్టరీలోనే టర్బో పెట్టి, ఎనిమిది వేల అడుగుల దాకా 165 నిలుపుతుందని చెప్పింది కూడా ఈ లెక్క మీదే.

అలాగని టూ స్ట్రోక్‌కి సేవ తక్కువేం కాదు. అది నూనె తాగుతుంది. చల్లటి ఇంజనుతో బయల్దేరి వెంటనే థ్రాటిల్ నొక్కితే పిస్టన్ సిలిండర్‌కన్నా ముందు వ్యాకోచించి పట్టేస్తుంది. బావమరిదికి అంతకుముందున్న బండి అలాగే పోయింది. ఇప్పుడు కూలెంట్ వెచ్చబడేదాకా కదలడు, ప్రతి సీజన్‌కీ సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలుస్తాడు. నేను ఆయిల్ మార్చి, కవాటాల సంగతి మరో ఏడాదికి వదిలేయగలుగుతున్నాను. సుఖమంటే అదీ.

పెట్రోలు గురించి క్లుప్తంగా: అమెరికా పంపుల మీద ఆక్టేన్ 91 అని రాసి ఉన్నదే పోస్తాను. తక్కువది పోస్తే నాక్ సెన్సర్ స్పార్కుని వెనక్కి జరిపి ఇంజనుని కాపాడుతుంది. కాపాడేది బలాన్ని తగ్గించే. అంత డబ్బు పెట్టి కొన్న బలాన్ని ట్యాంకు దగ్గర పోగొట్టుకోవడం ఎందుకు?

రాత్రిళ్ళు ఈ బండి మీద నాకు నిజంగా భయం. హెడ్‌లైటు వెలుగు ఎంతదూరం పడుతుందో అంతలో ఆగగలిగే వేగంలోనే ఉండాలి. ఈ ఇంజను ఆ వేగాన్ని బొటనవేలి కదలికలో దాటేస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ప్రభుత్వ భూముల మీద, నీళ్ళ మీద పరిమితి గంటకు 50 మైళ్ళు. ఆ పరిమితికి నా పాత 120 హార్స్‌పవరే ఎక్కువ. కాబట్టి ఎక్కువగా దారుల మీద, స్నేహితులతో, గంటకు అరవై డెబ్భై కిలోమీటర్లలో తిరిగేవాళ్ళు ఎవరైనా అడిగితే 120 నుంచి 150 మధ్య కొనమనే చెబుతాను. పెద్ద సరస్సులు చేరువలో ఉండి, పనిముట్లు పట్టుకోవడం ఇష్టమున్నవాళ్ళకైతే ఇదే కొనమంటాను. నమ్మకంగానే చెబుతున్నాను.

గత మార్చిలో ఒక ట్యూనర్ (ఇంజన్ల బలం పెంచే మెకానిక్), ఇంజను కంప్యూటర్ మారిస్తే 270 హార్స్‌పవర్ ఇస్తానన్నాడు. బావమరిది కళ్ళు మెరిశాయి. "బావా, చేయించండి, నేనూ ఒకసారి నడుపుతాను." నేను అతన్ని క్లచ్ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి బెల్టు చూపించాను. కొత్త కంప్యూటర్ వచ్చినా ఈ బెల్టు ఇంతే ఉంటుంది. కనెక్టింగ్ రాడ్లు ఇవే, చల్లబరిచే గొట్టాలు ఇవే, దారి మీద మంచు ఇదే. వారంటీ మాత్రం పోతుంది. అతను కాసేపు బెల్టు అంచుని వేలితో తడిమి చూసి, "సరే, ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు.

ఈ వేసవిలో స్లైడ్లు, వెనక చక్రాల బేరింగులు మార్చాను. రెండు క్లచ్‌లూ విప్పి సబ్బునీళ్ళతో కడిగి, బిళ్ళల మీది నల్లటి పొర తీసేశాను. కొత్త బెల్టులు రెండు వచ్చి ఉన్నాయి. మొదటి మంచు పడ్డ వారంలో ఒకదాన్ని పెట్టి యాభై కిలోమీటర్లు ఆడించి, విప్పి, ఏ వైపు తిరగాలో దాని మీద సుద్దతో బాణం గీసి స్పేర్‌గా సీటు కింద పెడతాను. తర్వాత రెండోది బిగిస్తాను.