తూర్పు తీర ప్రవాహం మీద 1/48 డిగ్రీల మోడల్: ఆరేళ్లు వాడాక

సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్ నడపడం నా పని. పేరులోని 1/48 డిగ్రీ ఒక్కో గడి వెడల్పు. ఆ గళ్ల అల్లిక, అంటే గ్రిడ్, సన్నబడితే ప్రవాహం దానంతట అదే సరిగ్గా వస్తుందన్న నమ్మకంతో ఇందులోకి దిగాను. మొదటి ఏడాది, అసలు కొలతలతో పోల్చి మోడల్‌కు వేసే మార్కులు పెరగలేదు సరికదా, తగ్గాయి. 1/12 డిగ్రీల గ్లోబల్ రీఅనాలిసిస్ (మోడల్‌ను, పాత కొలతలను కలిపి తయారుచేసిన ప్రపంచ సముద్రాల లెక్క) ముందు, రోమ్స్ అనే సముద్ర మోడల్‌తో నేను రాత్రింబవళ్లు కూర్చుని నడిపిన 1/48 డిగ్రీల రన్ ఓడిపోయింది. ఎందుకు ఓడిందో అర్థం కావడానికే రెండేళ్లు పట్టింది.

ముందు ప్రవాహం గురించి రెండు ముక్కలు. బంగాళాఖాతం పడమటి అంచున, మన కోస్తా వెంబడి నడిచేది తూర్పు భారత తీర ప్రవాహం. పనిలో మేమంతా ఈఐసీసీ అనే అంటాం. గల్ఫ్ స్ట్రీమ్ ఏడాదంతా ఒకే వైపు పోతుంది. ఇది అలా కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పోతుంది. నైరుతి నెలల్లో ఏ వైపు అంటే ఒక్క మాటలో చెప్పలేం, దక్షిణ భాగంలో ఒకలా, ఉత్తర భాగంలో ఇంకోలా ఉంటుంది. ఉధృతంగా ఉన్నప్పుడు పైపొరలో వేగం సెకనుకు మీటరు దాటుతుంది. తీరం వెంట వీచే గాలి ఒక్కటే దీన్ని నడిపితే మా పని సగం తగ్గేది. అఖాతం మధ్యలో వీచే గాలులు కూడా దీన్ని తోస్తాయి. భూమధ్యరేఖ దగ్గర పుట్టి సుమత్రా, మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలు చుట్టుకుని వచ్చే కెల్విన్ తరంగాలూ తోస్తాయి.

ఆ చివరిదే నన్ను మొదట దెబ్బకొట్టింది. కంప్యూటర్ టైమ్ ఆదా అవుతుందని డొమైన్‌ను, అంటే మోడల్ లెక్కగట్టే సముద్ర భాగాన్ని, అఖాతం పడమటి సగానికే కుదించాను. ఈ తరంగాలు తీరాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, రోజుకు 200 కిలోమీటర్లకు పైగా నడుస్తాయి. అంటే నా డొమైన్‌లోకి అవి ఉత్తరం అంచు నుంచి రావాలి. బయటి సముద్రం ఎలా ఉందో చెప్పడానికి నేను ఆ అంచున పెట్టిందేమో నెలవారీ సగటు. తరంగం గడప దగ్గరే ఆగిపోయింది. ఆ అంచు విలువలుండే బౌండరీ ఫైళ్లు రోజువారీవి పెట్టాక గాని సముద్ర మట్టం ఎత్తుపల్లాలు దారికి రాలేదు. ఇందులో మోడల్ తప్పేమీ లేదు, పూర్తిగా నాదే.

ఖర్చు సంగతి చెప్పాలి. 1/12 డిగ్రీ అంటే సుమారు 9 కిలోమీటర్లు, 1/48 అంటే 2.3. గళ్లు 16 రెట్లు పెరుగుతాయి, టైమ్ స్టెప్ నాలుగో వంతుకు తగ్గాలి. వెరసి 64 రెట్ల లెక్క. దానికి తగ్గ డిస్క్ ఎవరూ ఇవ్వరు. నేను పనిచేసిన ఒక చోట స్టోరేజ్ నిండిపోయిందని మూడు నెలల అవుట్‌పుట్ చెప్పకుండా చెరిపేశారు. ఆ టెన్షన్ ఇప్పటికీ తలుచుకోను.

రోమ్స్‌లో పొరలు సముద్రపు అడుగుతోపాటు వంగుతాయి. విశాఖ ముందు షెల్ఫ్ (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే అడుగు) దాటగానే అడుగు జారుడుబండలా దిగిపోతుంది. అలాంటి వాలు మీద వంగిన పొరల మధ్య పీడనం లెక్క తప్పి, గాలి లేకపోయినా, ఏమీ లేకపోయినా, లేని ప్రవాహం పుడుతుంది. అందుకని అడుగును నునుపు చేస్తాం. మరీ నునుపు చేస్తే వాలు వెడల్పయిపోయి, దాన్ని అంటిపెట్టుకుని నడవాల్సిన ప్రవాహం సముద్రం వైపు జరిగిపోతుంది. సన్నగ్రిడ్ వల్ల నాకు కలిగిన నిజమైన లాభం ఇక్కడే: అంతగా నునుపు చెయ్యకుండానే మోడల్ నిలబడింది. ప్రవాహం తీరానికి దగ్గరగా, ఇరుకుగా వచ్చింది. నిశ్చలమైన నీళ్లతో, వేడి, ఉప్పు లోతును బట్టి మాత్రమే మారేలా పెట్టి మొదలుపెట్టండి; అంచులు మూసేసి, గాలి, వేడి, నదులు అన్నీ ఆపేసి ఒక నెల నడిపి చూడండి. నీళ్లు కదలకూడదు. కదిలాయంటే ఆ వేగం ఎంతో రాసిపెట్టుకోండి. తర్వాత మీరు చూపించే ప్రతి ఫలితంలోనూ అది దాక్కుని ఉంటుంది.

ఇక మార్కుల గొడవ. మోడల్‌లో ఒక సుడి అసలు చోటుకు నలభై కిలోమీటర్లు పక్కన పడిందనుకోండి. సుడి ఉండాల్సిన చోట లేదని ఒకసారి, లేని చోట ఉందని ఇంకోసారి, సగటు తప్పును కొలిచే ఆర్‌ఎంఎస్ ఎర్రర్ రెండుసార్లు కొడుతుంది. ముతక గ్రిడ్ మోడల్ ఆ సుడిని అసలు చూపించదు కాబట్టి ఒక్క దెబ్బతో బయటపడుతుంది. నెగటివ్ మార్కులున్న పరీక్షలో ఖాళీగా వదిలేసినవాడు గట్టెక్కడం లాంటిదే ఇది. అలాగని ఖాళీ పేపరును మంచి పేపరు అనలేం కదా.

ఇప్పుడు నేను చూసేవి వేరు. రెండు మోడళ్లనూ ఒకే స్కేల్‌కు నునుపు చేశాకే ఎర్రర్ తీస్తాను. ప్రవాహం ఏ వారంలో తిరగబడిందో, దాని నడిబొడ్డు తీరానికి ఎంత దూరంలో ఉందో, లోతుకు పోయేకొద్దీ దిశ ఎక్కడ మారిందో విడివిడిగా చూస్తాను. ఈ చివరిదానికి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2009 నుంచి కడలూరు, విశాఖ, గోపాల్‌పూర్ ముందు వాలు మీద దించిన ఏడీసీపీలే (శబ్ద తరంగాలతో లోతు లోతుకీ ప్రవాహ వేగం కొలిచే పరికరాలు) దిక్కు. పైన ఒకవైపు పోతుంటే కింద ఎదురు పోయే ప్రవాహం వాటిలో కనిపిస్తుంది. నా రన్‌లో పైపొర బాగానే ఉంది గాని, ఆ అడుగు ప్రవాహం కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. ఆరేళ్లయినా దీన్ని సరిచేయలేకపోయాను.

పరిశీలనలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఏడీసీపీకి సముద్రపు పైభాగంలోని కొన్ని పదుల మీటర్లు సరిగ్గా కనబడవు. తీరం మీద నుంచి రేడియో తరంగాలతో కొలిచే హెచ్ఎఫ్ రాడార్ ఆ పైపైనే చూస్తుంది. ఉపగ్రహం మీద నుంచి సముద్ర మట్టం కొలిచే ఆల్టిమీటర్ తీరానికి దగ్గరపడేకొద్దీ తడబడుతుంది, మనకు కావాల్సిన ప్రవాహమేమో అక్కడే ఉంది. రాడార్‌లో ఆటుపోట్లు ఉంటాయి, నా మోడల్‌లో చాలాకాలం లేవు. తుపాను వెళ్లాక విశాఖ అక్షాంశంలో నీళ్లు దాదాపు 39 గంటలకోసారి గుండ్రంగా తిరుగుతాయి. రోజువారీ సగటు తీస్తే ఆ తిరుగుడు వింత గీతలా మిగులుతుంది. కాబట్టి గంటవారీ అవుట్‌పుట్ దాచండి, డిస్క్ ఏడ్చినా సరే. ఇంకోటి, కాకినాడ నుంచి పైకి మన తీరం ఈశాన్యానికి ఒరుగుతుంది. ఉత్తర-దక్షిణ వేగాన్నే తీర ప్రవాహం అనుకుని ఒక ఏడాదంతా గ్రాఫులు గీశాను. తీరం కోణానికి తిప్పి చూసిన రోజు సగం తప్పులు మాయమయ్యాయి. సిగ్గుచేటు, కానీ కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థీ ఇదే చేస్తాడు.

గ్రిడ్ కన్నా ఎక్కువ మార్పు తెచ్చింది నదుల ఫైల్. చాలా సెటప్‌లలో నదీ జలాలు ప్రతి ఏడాదీ ఒకే సగటు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. నా మోడల్‌కు ఆ వార్తే చేరలేదు. కృష్ణదేమో దానికి తలకిందులు: ఆనకట్టల వెనక ఆగి సముద్రం దాకా రాని నీళ్లను పాత సగటు ఉదారంగా పోస్తూ ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది గంగా-బ్రహ్మపుత్ర నీరు. వర్షాకాలం చివర అది కోస్తా వెంట సన్నటి పాయలా దక్షిణానికి దిగుతుంది. పైపొర తేలికై, గాలి తోపుడు ఆ పలచని పొరలోనే చిక్కుకుంటుంది. ఏ ఏడాది నదీ జలాలు ఆ ఏడాదే పోసినప్పుడే నా అక్టోబర్-నవంబర్ ప్రవాహం ఇరుకై, వేగం అందుకుంది. పని పట్టింది రెండు వారాలు, కంప్యూటర్ ఖర్చు దాదాపు సున్నా.

ఎవరికి పనికొస్తుంది? ప్రవాహం ఎప్పుడు తిరుగుతుంది, ఏ ఏడాది బలహీనం అన్న ప్రశ్నలకు 1/12 చాలు, డబ్బు తగలేయకండి. కాకినాడ, విశాఖ మధ్య నూనె ఒలికినా, పడవ తప్పిపోయినా ఎటు కొట్టుకుపోతుందో చెప్పాలంటే 1/48 తప్పదు. అయితే ఒక్క రన్ కాదు, ఆరంభ స్థితులు కాస్త కాస్త మార్చి పది రన్‌లు వేయండి. ఒక్క రన్ చూపించే సుడిని నమ్మి పడవను పంపే ధైర్యం నాకైతే లేదు.