టీవీ రెజ్లింగా, మ్యాట్ కుస్తీనా: రింగు దిగాక బతుక్కి ఏది మేలు?

2023 సెప్టెంబరు 8న అమెరికా టీవీ రెజ్లర్ జాన్ సీనా హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో కుస్తీ పట్టి వెళ్లాడు. అది చూసి అమలాపురంలోనో భీమవరంలోనో ‘నేనూ రెజ్లర్నవుతా’ అని కొడుకు పట్టుబడితే, తండ్రి ఊఁ అనేముందు, ఉరిమేముందు, పోటీ లేని రోజున ఆ మనుషుల ఇల్లు ఎలా నడుస్తుందో చూడాలండి. కూడు, ప్రయాణం, దెబ్బలు, జీతం, ఆట అయిపోయాక మిగిలేది. అసలు లెక్కంతా అక్కడే ఉంది.

టీవీ రెజ్లింగూ, ఒలింపిక్స్‌లో ఆడే మ్యాట్ కుస్తీ రెండూ ఒకటి కావని ముందే అనుకుందాం. మ్యాట్ మీద తొమ్మిది మీటర్ల వలయం, మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్ల విరామం. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలీదు. టీవీ రెజ్లింగులో గెలుపు ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది వినోదమేనని 1989లో దాన్ని నడిపే కంపెనీ (అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ) వాళ్లే అమెరికాలో న్యూజెర్సీ సెనేట్ దగ్గర చెప్పుకున్నారు. గెలుపు రాసిందే గానీ పడ్డం మాత్రం నిజం.

మ్యాట్ కుస్తీ ఇంట్లో పెత్తనమంతా కాటాది. మగవాళ్ల ఫ్రీస్టైల్ ఒలింపిక్ తరగతులు 57, 65, 74, 86, 97, 125 కిలోలు. పోటీ రెండు రోజులు సాగితే రెండు రోజులూ పొద్దున్నే తూగాలి. 2024 ఆగస్టు 7న పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల ఫైనల్ పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి మొత్తం పోటీనుంచే బయటికి వచ్చేసింది. ముందురోజు తూగాక మూడు కుస్తీలకి ఓపిక కావాలి కదా, ఆ తిన్నదీ తాగిందీ రాత్రంతా చెమటోడ్చినా, జుట్టు కత్తిరించినా పూర్తిగా దిగలేదు. అదే పోటీల్లో అమన్ సెహ్రావత్ పది గంటల్లో 4.6 కిలోలు దించుకుని 57 కిలోల కాంస్యం తెచ్చాడు. కోచ్‌లు, డాక్టర్లు పక్కనుండి చేయించిన పని అది. ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని మే నెలలో కాలవగట్టు మీద పరిగెత్తి సాధించేది కాదు. మన ఉక్కలో చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, వడదెబ్బే.

రెండు కిలోలు ఎక్కువున్న పెద్దవాడు పది రోజుల ముందే మొదలెట్టాలి. మొదట ఆపాల్సినవి ఆవకాయ, ఎండుచేప, అప్పడం. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, గోదావరోళ్ల కంచంలో సగం బరువు దాందే. తర్వాత అన్నం సగానికి తగ్గించాలి. తిన్న అన్నంలో కొంత గ్లైకోజెన్‌గా కండల్లో నిలవుంటుంది, ప్రతి గ్రాముతోబాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుంటాయి. నిలవ తగ్గితే కాటా దిగుతుంది. మాంసకృత్తులు మాత్రం తగ్గించకూడదు. కిలో బరువుకి 1.6 నుంచి 2 గ్రాముల లెక్కన 74 కిలోల వాడికి రోజుకి 120 నుంచి 150 గ్రాములు కావాలి. ఆరు గుడ్లు, 300 గ్రాముల చేపో రొయ్యో, అరలీటరు పెరుగు, 50 గ్రాముల ఉలవలు వేసుకుంటే 120 దాటుతుంది. సంక్రాంతి పుంజుకి బాదంపప్పు, కైమా పెట్టే ఊళ్లో కొడుకు గుడ్ల ఖర్చు దగ్గర లెక్కలు చూడ్డం విడ్డూరం. పదిహేడేళ్లలోపు పిల్లలకైతే నీళ్లు మానిపించి బరువు దించే పని అసలొద్దు, పై తరగతిలో ఆడించండి.

టీవీ రెజ్లర్‌కి కాటా బాధ లేదు, అద్దం బాధ ఉంది. చొక్కా లేకుండా కెమెరా ముందు నిలబడే ఒళ్లు ఏడాది పొడుగునా అలాగే ఉండాలి. అక్కడే స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు ఇంట్లోకి దూరతాయి. 2005 నవంబరులో ఎడ్డీ గెర్రెరో 38 ఏళ్లకే హోటల్ గదిలో గుండె ఆగి చనిపోయాక, 2006 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ మందుల పరీక్షలు పెట్టింది. మొదటిసారి దొరికితే 30 రోజులు, రెండోసారి 60 రోజులు పక్కన పెడతారు. మూడోసారి ఇంటికే.

ప్రయాణం సంగతికొస్తే 1980ల్లో వాళ్లు ఏడాదికి 300 రోజుల దాకా రోడ్డు మీదే ఉండేవాళ్లు. ఇప్పుడు షోలు బాగా తగ్గాయి. విమానం దిగాక కారు అద్దె, హోటల్ గది చాలాకాలం చాలామందికి సొంత ఖర్చే కాబట్టి నలుగురూ ఒకే కారులో సర్దుకునేవాళ్లు, మన షేరాటోలాగే. దీంట్లో ఇంకో చిక్కుండేది. రింగులో శత్రువులు బయటా శత్రువుల్లాగే కనబడాలన్నది పాతకాలం కట్టుబాటు. 1987లో రింగులో శత్రువులైన ఐరన్ షేక్, జిమ్ దుగ్గన్ ఒకే కారులో పోతూ న్యూజెర్సీలో పోలీసులకి దొరికిపోయారు. పట్టుబడిన మత్తుపదార్థాల కంటే, ఆ ఇద్దరూ కలిసి కనబడ్డమే కంపెనీకి పెద్ద తలనొప్పయింది. మన పద్యనాటకం అయ్యాక హరిశ్చంద్రుడూ నక్షత్రకుడూ ఒకే బల్ల మీద టీ తాగినా ఎవరూ ఏమనుకోరు! సొంత ఊళ్లో కూడా వేషం దించలేని బతుకు భార్యాపిల్లలకి ఎంత బరువో ఆలోచించండి. ఆ కట్టుబాటు ఇప్పుడు దాదాపు పోయింది, టీవీ దారికి అదొక మంచి మార్పు.

మ్యాట్ వాడికీ ఇల్లు దూరమే. జాతీయ శిబిరాలు సోనీపట్ లాంటి చోట్ల నెలల తరబడి సాగుతాయి. అక్కడ హిందీ, రొట్టె, చలి. కోనసీమ నుంచి అయితే రైలెక్కడానికే రాజమండ్రి దాకా పోవాలి. కాకపోతే ఉద్యోగం ఉన్నవాడికి శిబిరంలో ఉన్నా జీతం ఆగదు.

దెబ్బల్లో రెండు దారులకీ పోలిక లేదు. మ్యాట్ మీద చెవి దొప్పలో నెత్తురు గడ్డకట్టి ఉబ్బుతుంది. రెండు మూడు రోజుల్లోపే చెవి డాక్టరు దాన్ని తీసి గట్టిగా కట్టు కట్టాలి, లేకపోతే మెత్తటి ఎముకకి రక్తం అందక కాలీఫ్లవర్‌లా గట్టిపడి అలాగే ఉండిపోతుంది. పెళ్లిచూపుల్లో మొదట కనబడేది ఆ చెవే, సాధనలో చెవి తొడుగు వేసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. రెండోది తామర. మందుల షాపులో అడిగితే ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబుల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది గానీ మచ్చ లోపల పాకుతుంది. ఫంగస్ మందు ఒక్కటే, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి. సాధన అవగానే సబ్బు స్నానం, ఎవడి తువ్వాలు వాడిదే, మ్యాట్‌కి రోజూ బ్లీచింగు నీళ్లు.

టీవీ రింగు 20 అడుగుల చదరం. కాన్వాసు కింద పలచటి ఫోము, దాని కింద చెక్కపలకలు, ఇనప దూలాలు. పడ్డం నేర్పేటప్పుడు మొదట గొంతుకూర్చుని వెనక్కి దొర్లిస్తారు. గడ్డం గుండెకి ఆనాలి, వీపు పైభాగం ఒక్కసారిగా పరుచుకోవాలి, రెండు అరచేతులూ ఒంటికి 45 డిగ్రీల్లో నేలని చరచాలి, ఊపిరి బయటికి వదలాలి. గడ్డం పైకి లేస్తే తల వెనక్కి కొట్టుకుంటుంది. భయపడి చెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. అన్నీ సరిగ్గా చేసినా వందలసార్లు పడితే మెడ, నడుం అరుగుతాయి. ఎడ్జ్ అనే రెజ్లర్ 2011లో మెడ దెబ్బతోనే ఆపేసి దాదాపు తొమ్మిదేళ్లు రింగుకి దూరమయ్యాడు. బ్రెట్ హార్ట్ ఆట 1999 డిసెంబరులో తలకి తగిలిన ఒక్క తన్నుతో ముగింపుకొచ్చింది. తలకి దెబ్బ తగిలి ఇంటికొచ్చినవాణ్ణి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. వాంతులు, ముదిరే తలనొప్పి, లేపినా లేవని మత్తు, కనుపాపలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ కావడం, ఏది కనబడ్డా వెంటనే ఆసుపత్రికి. బైకు తాళం ఇవ్వొద్దు.

ఇక డబ్బు. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ ఆ కంపెనీ ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. రింగులో తగిలిన దెబ్బకి వైద్యం కంపెనీ చేయిస్తుంది, ఇంట్లో జ్వరమొస్తే బీమా ఆయనే చూసుకోవాలి. 1986లో జెస్సీ వెంచురా రెజ్లర్ల సంఘం పెట్టాలని చూశాడు, సాగలేదు. జిందర్ మహల్ 2017 మే నుంచి నవంబరు దాకా ఛాంపియను, 2024 ఏప్రిల్లో ఉద్వాసన. కాంట్రాక్టు తీసేశాక మామూలుగా 90 రోజులు వేరే కంపెనీ రింగెక్కకూడదు. పేరు కూడా చాలామందికి సొంతం కాదు. డీన్ ఆంబ్రోస్ బయటికి రాగానే జాన్ మాక్స్‌లీ అయ్యాడు.

మ్యాట్ దారిలో వచ్చేది చిన్న మొత్తమే, కానీ నెలనెలా వస్తుంది. రైల్వే, పోలీసు, కేంద్ర బలగాల్లో క్రీడాకోటా ఉంది. సాక్షి మలిక్, బజ్‌రంగ్ పునియా రైల్వే ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లే, బజ్‌రంగ్ 2024లో రాజీనామా చేశాడు. ఇక్కడ మనవాళ్లు మోసపోయేది సర్టిఫికెట్టు దగ్గర. ‘నేషనల్’ అని పేరు పెట్టుకున్న ప్రతి టోర్నమెంటూ ఉద్యోగ నోటిఫికేషనుకి పనికిరాదు. ప్రవేశ రుసుము కట్టకముందే ఏ సమాఖ్య గుర్తింపుతో జరుగుతోందో చూసుకోవాలి. పదో తరగతి మార్కుల జాబితాలోనూ ఆధార్‌లోనూ పుట్టినతేదీ ఒకటే ఉండాలి, తేడా ఉంటే వయసు తరగతి దగ్గరే ఆపేస్తారు. ఈ దారి అంతా పూలపానుపనీ కాదు. 2023 జనవరిలో వీళ్లే సమాఖ్య పెద్దల మీద ఫిర్యాదుతో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకి కూర్చోవాల్సొచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో సాక్షి ఆటే వదిలేసింది.

మూడో దారి ఒకటి ఇంటి పక్కనే ఉంది. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా కర్రా కత్తీ తిప్పేవాళ్లు పండగయ్యాక మర్నాడు ఎవరి పనికి వాళ్లు పోతారు. డబ్బు రాదు, మెడా విరగదు. సాధన మీద మోజే గానీ బతుకుతెరువుగా పెట్టుకునే ఆలోచన లేనివాడికి ఇదే చాలు.

బతుకుతెరువు కావాలంటే ముందు మ్యాట్ అని మా మాట. ఇరవై మూడేళ్లలోపు ఉద్యోగం చేతికొచ్చేలా ఆడి, అప్పటికీ మోజు తీరకపోతే, ఒళ్లు బాగుంటే, టీవీ వైపు చూడొచ్చు. ఆ వరస తిరగేస్తే కుదరదు, అరిగిన మెడతో మ్యాట్ మీదకి రాలేరు. మారేవాళ్లకి ఒక సంగతి తెలిసుండాలి. సర్కారు ఉద్యోగంలో ఉండి అనుమతి లేకుండా ప్రైవేటు కాంట్రాక్టు మీద సంతకం పెట్టకూడదు, రాజీనామా చేస్తే వెనక్కి పిలవరు. కవితా దలాల్ సశస్త్ర సీమాబల్ ఉద్యోగం వదిలేసుకుంది. 2017లో సల్వార్ కమీజ్‌తో రింగెక్కి పేరు తెచ్చుకుంది, 2021లో కాంట్రాక్టు పోయింది. ఖలీకి పంజాబ్ పోలీసు ఉద్యోగం ఉండేది, ఏడడుగుల పైచిలుకు పొడుగూ ఉంది. మన కుర్రాడు అయిదడుగుల అయిదంగుళాలైతే టీవీ వాళ్లు అతని వైపు చూడ్డం కష్టం, 57 కిలోల తరగతికి మాత్రం ఆ ఒడ్డూ పొడుగూ అతికినట్టు సరిపోతాయి.