అమ్మమ్మ స్మృతి సంచికను అచ్చు వేసిన బరంపురం ప్రెస్సు

1936లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుండి విడిపోయి ఒడిశాలో చేరిన మరుసటి ఏడు పుట్టి, 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం తొలినాళ్ళను దగ్గరగా చూసి, రసాయనశాస్త్ర ఆచార్యురాలిగా పదవీ విరమణ చేసిన మా అమ్మమ్మ సంవత్సరీకానికి 32 పుటల స్మృతి సంచికను ఇక్కడి ఒక ప్రెస్సులో అచ్చు వేయించాము.

ఫోటోల పని మెచ్చుకోదగినది. చీర కొంగు నడుముకు దోపుకుని బ్యూరెట్ (ద్రవాలను కొలిచే గాజు గొట్టం) ముందు నిలబడిన ఆమె పాత ఫోటోలో చెద తిన్న మూలను సరిచేసి, ముఖానికి మాత్రం లేని నునుపు అద్దకుండా వదిలేశారు.

నిరాశ కలిగించినది అక్షరాల కూర్పు. ఒడియా పుటలు తప్పు లేకుండా వచ్చాయి గాని, తెలుగు పుటల్లో ఫాంటు మారిపోవడంతో వత్తులు అక్షరం కింద నుండి జారి పక్కన పడ్డాయి. నీటి రసాయన సంకేతమైన H₂Oలో కింద ఉండవలసిన 2 పైకెక్కి కూర్చుంది. విద్యార్థుల రికార్డుల్లో సరిగ్గా ఆ తప్పుకే ఎర్ర సిరాతో సున్నా చుట్టే అమ్మమ్మ ఈ ప్రూఫును చూసి ఉంటే ఏమనేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. రెండుసార్లు తిరిగిన తరువాత సరిదిద్దారు, అదనంగా డబ్బు అడగలేదు. చారుపొడి దినుసులను గ్రాముల్లో తూచి ఆమె రాసుకున్న కాగితాన్ని చివరి అట్ట లోపలివైపు ఉన్నదున్నట్టుగా వేయమన్న సలహా కూడా వారిదే.

తెలుగు పని ఇచ్చేవారు ప్రూఫు దిద్దగలిగిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది.