కిట్టు కొన్నాం, అనుమతి మాత్రం అందులో లేదు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ డిగ్రీ విద్యార్థుల మానసిక ఒత్తిడిపై పరిశోధన మొదలుపెట్టినప్పుడు, మాపని (ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళి) కోసం ఎక్కడికి వెళ్ళాలని సీనియర్లను అడిగితే రెండు దారులు చెప్పారు. బరంపురం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత థీసిస్‌ల వెనుక పేజీలు తిరగేయడం ఒకటి, ఉత్తరాదిలోని విక్రయ సంస్థకు డబ్బు కట్టి కిట్టు తెప్పించుకోవడం రెండోది. నేను రెండోది ఎంచుకున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అందిన సేవ గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

పార్సిల్ పది రోజుల్లో వచ్చింది, ప్యాకింగ్ గట్టిగా ఉంది, కళాశాల ఆఫీసు అడిగే పద్ధతిలో జీఎస్టీ బిల్లు కూడా పెట్టారు. లోపల మాన్యువల్, మార్కులు వేసే కీ, వంద ప్రశ్నపుస్తికలు ఉన్నాయి. మాన్యువల్‌లో విశ్వసనీయత (మళ్ళీ కొలిచినా అదే ఫలితం రావడం), సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం) అంకెలు ఇచ్చారు గానీ, మార్కులను పోల్చి చూసే ప్రమాణాలన్నీ హిందీ ప్రాంతపు విద్యార్థుల మీద కట్టినవే. పుస్తికలు కూడా హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు నడిచే మా పిల్లలకు వాటిని ఇస్తే కొలిచేది ఒత్తిడినా, భాషాజ్ఞానాన్నా అన్న అనుమానం తప్పదు. తెలుగులోకి అనువదించుకోవచ్చా అని ఫోన్ చేస్తే, పుస్తికలు ఎన్ని కావాలంటే అన్ని పంపుతామని, అనువాదం సంగతి రచయితనే అడగమని చెప్పారు. మాన్యువల్‌లో ఉన్న రచయిత చిరునామాకు రాసిన ఉత్తరం కొన్ని వారాలకు తిరిగి మాకే చేరింది.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు: పుస్తికలు కొంటే ఆ పుస్తికలను వాడుకునే హక్కే వస్తుంది తప్ప, అనువదించడానికి, గూగుల్ ఫారంలో పెట్టడానికి, థీసిస్ అనుబంధంలో ప్రశ్నలన్నీ అచ్చువేయడానికి అనుమతి వచ్చినట్టు కాదు. చివరిది మరీ ముఖ్యం, ఎందుకంటే థీసిస్ శోధగంగలోకి (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఎక్కిందంటే దాన్ని ఎవరైనా దించుకోవచ్చు. అక్కడ కనిపించిన ప్రశ్నావళిని అలాగే ఎత్తి వాడేవారూ ఉన్నారు. ఒకరి అనుబంధంలో ఉన్నంత మాత్రాన మనకు అనుమతి ఉన్నట్టు కాదు. ఈ సంగతులు ఆర్డరు తీసుకునే ముందే విక్రేత ఒక కాగితం మీద రాసి పంపాల్సింది. నా అసలు ఫిర్యాదు ఇదే.

పోలిక కోసం మరో సేవ గురించి చెప్పాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి సైక్‌టెస్ట్స్ అనే మాపనుల ఆన్‌లైన్ సంకలనం చందా కట్టిన గ్రంథాలయాల్లోనే తెరుచుకుంటుంది. మాకు ఆ భాగ్యం లేదు, వేరే ఊళ్ళో ఉన్న మిత్రుడు చూసి పెట్టాడు. అందులో మాపని వివరాలతో పాటు అనుమతి సంగతి కూడా స్పష్టంగా ఉంటుంది. లాభాపేక్ష లేని పరిశోధనకు, బోధనకు రాతపూర్వక అనుమతి అడగకుండానే వాడుకోవచ్చని కొన్నింటికి రాసి ఉంటే, ప్రచురణకర్తను సంప్రదించాలని మరికొన్నింటికి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం ముందే కనబడి ఉంటే నేను కిట్టు కొనేవాణ్ణి కాదు.

చివరికి డాస్-21 (కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడిని కొలిచే 21 ప్రశ్నల మాపని) తీసుకున్నాం. లోవిబాండ్ ద్వయం రూపొందించిన ఈ మాపనిని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ప్రశ్నావళికి అనుమతి అక్కరలేదు, మాన్యువల్ మాత్రం డబ్బిచ్చి కొనాలి. ఆ మూడింటిలో ఒక్కొక్కదానికి 7 ప్రశ్నలు. వచ్చిన మొత్తాన్ని రెండుతో హెచ్చించాకే 42 ప్రశ్నల పెద్ద రూపంతో పోల్చాలన్నది కొత్తవారు తరచుగా మరిచే సంగతి.

మా మొదటి అనువాదంలో "విశ్రాంతి పొందుట నాకు క్లిష్టమైనది" వంటి వాక్యాలు చూసి పిల్లలు నవ్వారు. వ్యావహారిక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని అలా రాసినందుకు మాకే సిగ్గేసింది. "మనసు కుదుటపడడం కష్టమైంది" అని మార్చి, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి సరిచూసుకున్నాం.

కుంగుబాటు ఒక్కటే కొలవాలనుకునేవారికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల మాపని ఇంకా సులువు. తెలుగు రూపం సిద్ధంగా ఉంది, అనుమతి అడగనక్కరలేదు. అయితే దాని తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించినది కాబట్టి, అవునన్న విద్యార్థికి ఆ రోజే ఏం చేస్తారో ఎథిక్స్ కమిటీ అడుగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416 ఇవ్వడంతో పాటు, స్వయంగా మాట్లాడే మనిషిని కూడా ముందే చూసిపెట్టుకోవాలి.

విక్రయ సంస్థకు ఐదుకు రెండు ఇస్తాను: ఒకటి ప్యాకింగ్‌కు, ఒకటి బిల్లుకు. వంద పుస్తికల్లో ఆరింటిని మాత్రమే హిందీ వచ్చిన పిల్లలతో చూశాం. తక్కిన 94 విభాగం బీరువాలో ఉన్నాయి. హిందీ మాధ్యమం విద్యార్థులపై పని చేసేవారెవరైనా వస్తే, అనుమతి పరిమితులు చెప్పి మరీ ఇచ్చేస్తాను.