ఇంజన్ దించకుండా ఆపిన గేజ్: మూడేళ్ల వాడకం తర్వాత

హుస్సేన్ సాగర్‌లో తిరిగే ఒక స్పీడ్ బోటు ఇంజన్ బాగోగులు నేను చూస్తాను. 5.7 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజన్, కార్బురేటర్ రకం. మూడేళ్ల కింద దానికి రాణిగంజ్‌లో కొన్న గ్లిజరిన్ ప్రెషర్ గేజ్ బిగించాను, ఇంజన్ ఆయిల్ ఒత్తిడి చూపేది, ముల్లు అదరకుండా లోపల గ్లిజరిన్ నింపి ఉంటుంది. రెండున్నర అంగుళాల డయల్, 0 నుంచి 100 పీఎస్ఐ, వెయ్యి రూపాయల్లోపే.

కొన్నది సరదాకి కాదు. ఒకరోజు బుద్ధ విగ్రహం చుట్టి వస్తుంటే డాష్‌బోర్డు మీద ఎలక్ట్రిక్ ఆయిల్ గేజ్ ముల్లు సున్నాకి పడిపోయింది. వెంటనే ఇంజన్ ఆపేసి, ఇంకో బోటుతో లాగించుకుని ఒడ్డుకొచ్చాం. చూడ్డానికి వచ్చిన మెకానిక్ మూతైనా తీయకుండా "ఆయిల్ పంపు పోయిందన్నా, ఇంజన్ దించాలె" అన్నాడు. పంపు ఉండేది అడుగున ఆయిల్ పాన్‌లో; బోటులో అది విప్పడానికి కింద చోటుండదు, చైన్ బ్లాక్ పెట్టి మొత్తం పైకి లేపాల్సిందే. రెండు రోజులు ఆగమని ఓనర్‌ని బతిమాలి ఈ గేజ్ తెచ్చాను. డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సెండర్ (ఆయిల్ ఒత్తిడిని డాష్‌బోర్డు గేజ్‌కి కరెంటుతో చెప్పేది) విప్పి ఆ చోట బిగించి, ఇంజన్ అంటుకోకుండా కాయిల్ వైరు తీసేసి స్టార్టర్‌తో తిప్పితేనే ముల్లు లేచింది. స్టార్ట్ చేస్తే 55. పోయింది సెండర్, పంపు నిక్షేపంగా ఉంది.

బిగించడమే పెద్ద తలనొప్పి. ఇంజన్ బ్లాక్‌లో మరలు ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర; మన బజారు గేజ్‌కి బీఎస్‌పీ, బ్రిటిష్ పైపు మర. పావు అంగుళం సైజులో మొదటిదానికి అంగుళానికి 18 మరలు, రెండోదానికి 19. చేత్తో రెండు చుట్లు హాయిగా తిరిగి తర్వాత పట్టేస్తుంది. టేప్ చుట్టి బలవంతం చేస్తే బ్లాక్ మరలే పాడవుతాయి. బాలానగర్‌లో లేత్ మీద అడాప్టర్ చేయించాను. రాగి గొట్టం వేయడం మాత్రం నా తప్పు. అదురుడుకి ఏడాది తిరక్కుండానే నట్ దగ్గర చీలి, కాలే ఆయిల్ ఇంజన్ పెట్టె నిండా చిమ్మింది. ఇప్పుడు స్టీలు అల్లిక హోస్ వాడుతున్నాను.

అసలు పరీక్ష రెండో ఎండాకాలంలో వచ్చింది. వేడెక్కాక ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఊరికే తిరిగేటప్పుడు, ఎప్పుడూ 18 చూపించేది 8కి దిగింది. మాన్యువల్ 4 ఉన్నా చాలంటుంది, కానీ రోజూ చూసే అంకె సగానికి పైగా పడిపోతే నిద్ర పట్టదు కదా. ముందు గేజ్‌నే అనుమానించాను. దీని నెత్తిన చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. వేడికి లోపలి గ్లిజరిన్ ఉబ్బితే ముల్లు తక్కువ చూపిస్తుంది. గోటితో బిరడా అంచు లేపాను, తుస్సుమంది, ముల్లు 3 పీఎస్ఐ పైకొచ్చింది. కొన్న రోజే బిరడా కొస కత్తిరించాలని షాపులో ఎవరూ చెప్పలేదు.

మిగతాది నిజమైన లోపమే. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ ఫుల్ గీతకి బొటనవేలంత పైన ఉంది, ఎవరూ పోయకుండానే. గుడ్డకి తుడిచి వాసన చూస్తే పెట్రోల్. కార్బురేటర్ నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక, రైడ్‌కీ రైడ్‌కీ మధ్య జెట్టీ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడల్లా ఎక్కువైన పెట్రోల్ ఆయిల్లోకి దిగుతోంది. పలచబడ్డ ఆయిల్ ఐడిల్‌లో ఒత్తిడి నిలపలేదు. స్పీడు పెంచితే, మట్టం ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర ఆ వణుకు కూడా చూశాను. ఎలక్ట్రిక్ గేజ్ అయితే అది పట్టించేది కాదు, దాని ముల్లు మందకొడి.

ఆయిల్ మార్చేదాకా ఇంజన్ మళ్లీ ముట్టించలేదు, పెట్రోల్ ఆవిరితో ఆటలా? నీడిల్ వాల్వ్ కొత్తది వేసి, 25డబ్ల్యూ-40 మెరైన్ ఆయిల్ పోసి, పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు ఎండలో విప్పి చూశాను. బేరింగులు అరిగితే కనిపించే లోహపు తళుకు ఎక్కడా లేదు. ఐడిల్ మళ్లీ 18. ఆయిల్ మట్టం ఎప్పుడైనా బోటు నీళ్లలో ఉన్నప్పుడే చూడండి, ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి ఉంటే డిప్‌స్టిక్ తప్పు చెబుతుంది.

గేజ్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. గ్లిజరిన్ టీ రంగుకి తిరిగింది, అంకెలు సాయంత్రం కనపడవు. కేజీల్లో (చదరపు సెంటీమీటరుకి) ఒత్తిడి చూపే స్కేలు పెద్దగా, పీఎస్ఐ స్కేలు చీమ తలకాయంత. నెయిల్ పాలిష్‌తో 18 దగ్గర ఎర్ర చుక్క పెట్టుకున్నాను. ఈ వానలు తగ్గాక గేజ్ మారుస్తాను, అదే రకం. అడాప్టర్ పాతదే ఉంటుంది.